పద్మజతో ఓడరేవు దాకా

మాఘమాసంలో ఒక ఆదివారం మేం తాడేపల్లి నుంచి ఓడరేవుకి వెళ్ళొచ్చాం. దారిలో పక్షుల్ని చూశాం, ఒక మిరపచేను దగ్గర భోంచేశాం, సాయంత్రానికి సముద్రం చేరాం. ఈ వైపు ఎప్పుడూ రానివాళ్ళ కోసం ఆ దారి ఎలా ఉంటుందో రాద్దామని కూర్చున్నాను. అయితే మేమెందుకు వెళ్ళామో చెప్పకుండా దారి గురించి మాత్రమే రాస్తే అది నిజం కాదు.

నా కూతురు నీరజ డెంగీ జ్వరంతో పోయి రెండేళ్ళు దాటింది. దాని కూతురు లాస్య అప్పట్నుంచి నా దగ్గరే ఉంటోంది, మూడో తరగతి చదువుతోంది. అల్లుడు శ్రీకాంత్‌ది గుంటూరులో బ్యాంకు ఉద్యోగం. ప్రతి ఆదివారం వచ్చి కూతుర్ని చూసుకుని వెళ్తాడు. ఈమధ్య అతనికి ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి పేరు పద్మజ, గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో పని. ఆమెకీ ఇది రెండో పెళ్ళే. అతని అమ్మానాన్నలకి నచ్చింది. మా ఆయన కూడా, ఎన్నాళ్ళని ఒంటరిగా ఉంటాడే అన్నాడు. మిగిలింది నేను. నేను సరేనంటేనే ముందుకు వెళ్తానని శ్రీకాంత్ చెప్పాడు. ఒకసారి అందరం కలిసి ఎటైనా తిరిగొద్దాం అత్తయ్యగారూ, లాస్య కూడా ఆమెని చూసినట్టుంటుంది అన్నాడు.

పెళ్ళయితే వేసవి సెలవుల తర్వాత లాస్య గుంటూరు వెళ్ళిపోతుంది. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. మా ఆయన మోకాళ్ళ నొప్పులని రానన్నాడు. పులిహోర, పెరుగన్నం కలిపి డబ్బాల్లో పెట్టుకుని లాస్యతో కలిసి శ్రీకాంత్ కారులో బయల్దేరాను. ఆ అమ్మాయిలో ఏదో ఒక లోపం కనపడకపోదని నా మనసులో ఉంది.

పెదకాకాని

పద్మజ గుంటూరు నుంచి ఆటోలో వచ్చి గుడి ముందు మాకోసం నిలబడి ఉంది. ముప్పై దాటిన మనిషి, చామనఛాయ, లేత నీలం చేనేత చీర. చేతిలో పూజసామాను బుట్ట లేదు, పిల్ల కోసం తెచ్చిన చాక్లెట్లూ లేవు. నాకు నమస్కారం పెట్టింది. లాస్యతో, నువ్వు లాస్యవి కదూ అని మాత్రం అంది. లాస్య నా కొంగు వెనక్కి వెళ్ళింది.

పెదకాకాని గుడి దగ్గర కొత్త బళ్ళకి పూజలు చేయించుకునేవాళ్ళే సగం మంది. ఆ ఉదయం ఒక కొత్త ట్రాక్టరు పసుపు బొట్లు పెట్టుకుని నిలబడింది. దాని చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ఇంటిల్లిపాదీ పక్కన నిలబడి ఫోటో దిగుతున్నారు. మా నలుగుర్నీ చూసి ఆ ఇంటి పెద్దావిడ ప్రసాదం పెట్టింది. పద్మజ చేతిలో పెడుతూ, పాప నీ పోలికేనమ్మా అంది. పద్మజ కంగారు పడలేదు, నవ్వలేదు. పాప వాళ్ళ అమ్మ పోలికండీ, నేను కాదు అని చెప్పి ప్రసాదం కళ్ళకద్దుకుంది.

ఆ మాట నాకు నచ్చింది. నచ్చినందుకు నామీద నాకే కోపం వచ్చింది.

ఉప్పలపాడు

పెదకాకాని నుంచి పక్కకి తిరిగితే దగ్గర్లోనే ఉప్పలపాడు. మామూలు పల్లెటూరే. ఊరి పక్కన చెరువు, చెరువు మధ్యలో తుమ్మచెట్లు. ఆ చెట్ల మీద ఆకులకన్నా పక్షులే ఎక్కువ. ఎర్రకాళ్ళ కొంగలు, గూడబాతులు, నల్లటి నీటికాకులు, నాకు పేర్లు తెలియనివి ఇంకా చాలా. దగ్గరికి వెళ్తుంటే ముందు వాసన వస్తుంది, తర్వాత అరుపులు వినపడతాయి, ఆఖర్న పక్షులు కనపడతాయి. వాసనకి ముక్కు మూసుకున్నవాళ్ళు కూడా చూడ్డం మొదలుపెట్టాక ముక్కు సంగతి మర్చిపోతారు.

గట్టు మీద టీ అమ్మే ఆవిడ ఆ ఊరి కోడలు. కాపరానికి వచ్చిన కొత్తలో ఈ గోలకి రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదని, ఇప్పుడు ఎండాకాలంలో పక్షులు వెళ్ళిపోతే నిద్ర పట్టదని చెప్పింది. మా కృష్ణ ఒడ్డున కూడా కొంగలు ఉంటాయి. వాటిని మేమెప్పుడూ నిలబడి చూడలేదు.

ఎత్తుగా కట్టిన మంచె ఎక్కి చూస్తే గూళ్ళలో పిల్లలు కనపడ్డాయి. ఒక పెద్ద గూడబాతు నోరు బార్లా తెరిస్తే, దాని పిల్ల తలంతా ఆ నోట్లో పెట్టి తింటోంది. లాస్య అది చూసి భయపడి, తర్వాత దగ్గరికి జరిగింది. శ్రీకాంత్ కిందికి వెళ్ళి ఫోన్ మాట్లాడుతున్నాడు. నేను మెట్ల మీదే కూర్చున్నాను. లాస్య, పద్మజ పైన కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. నేను వింటున్నానని వాళ్ళు అనుకోలేదు.

లాస్య అడిగింది, "మా అమ్మ చచ్చిపోయింది, మీకు తెలుసా?"

"తెలుసు. మీ అమ్మ ఎలా ఉండేది?"

లాస్య అంది, "నాకు సరిగ్గా గుర్తు లేదు. అడిగితే అమ్మమ్మ ఏడుస్తుంది. అందుకని అడగను."

పద్మజ పిల్లని దగ్గరికి లాక్కోలేదు. ఆ కమ్మీ మీద లాస్య చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి పక్షుల వైపు చూస్తూ ఉండిపోయింది.

నేను మెట్లు దిగి వెళ్ళి కారులో కూర్చున్నాను. రెండేళ్ళుగా మా ఇంట్లో జరుగుతున్నది అదే. నీరజ ఫోటో పూజగదిలో ఉంటుంది. దానికి దణ్ణం పెట్టిస్తాం. ఆ పేరు మాత్రం ఎవరం ఎత్తం. పిల్ల బాధపడుతుందని మేం అనుకుంటున్నాం. మేం బాధపడతామని ఆ పిల్ల అనుకుంటోంది.

పర్చూరు రోడ్డు

గుంటూరు దాటి పర్చూరు వైపు తిరిగాక నేల రంగు మారిపోతుంది. మా తాడేపల్లి నేల అరటితోటలతో, కాలవలతో ఎప్పుడూ చెమ్మగా ఉంటుంది. ఇక్కడంతా నల్లరేగడి. కనుచూపుమేర ఇళ్ళుండవు. పత్తి తీసేసిన చేలల్లో మోడు కట్టె నిలబడి ఉంది, వాటికి అక్కడక్కడా వదిలేసిన దూది పింజెలు వేలాడుతున్నాయి. తర్వాత శనగ చేలు, పొగాకు, మళ్ళీ మిరప. మిరప కోసే ఆడవాళ్ళు మొహాలకి గుడ్డలు కట్టుకుని వంగి ఉన్నారు.

ఒకచోట కొబ్బరిబోండాల కోసం ఆగాం. ఒక్కోటి అరవై రూపాయలు. మావైపు నలభైకి దొరుకుతుంది కదయ్యా అంటే, మీవైపు చెట్లున్నాయమ్మా, ఇక్కడికి బండి మీద రావాలి అన్నాడు అమ్మేవాడు. ఈ ఏడు మిర్చి ధర బాగా లేదని, రైతు చేతిలో డబ్బు లేకపోతే ఈ రోడ్డు మీద తన బేరం కూడా ఉండదని చెప్పాడు.

మధ్యాహ్నం భోజనానికి రమ్మన్నారని పద్మజ వాళ్ళ చేనుకి వెళ్తుంటే డొంకదారిలో కారు కూరుకుపోయింది. ముందురోజు ఎవరో నీళ్ళు పెట్టుకున్నారట, కాలవ పొంగి దారంతా బురద. శ్రీకాంత్ దిగి తోయబోతే బూటు ఆ నల్లబురదలో ఉండిపోయి, ఖాళీ కాలు బయటికొచ్చింది. లాస్య నవ్వింది. ఆఖరికి పద్మజ వాళ్ళ నాన్నగారు ట్రాక్టరు తెచ్చి తాడు కట్టి లాగారు. ఆయన మమ్మల్ని పలకరించిన మొదటి మాటలు ఆ ఇంజను మోతలోనే.

కల్లం

మిరపకాయలు ఆరబోసే చోటుని కల్లం అంటారు. ఎకరం మేర పట్టాలు పరిచి, వాటి మీద కాయలు పోసి ఉన్నాయి. ఎండలో ఆ ఎరుపుని తేరిపార చూడలేం. ఒక మూల నలుగురు ఆడవాళ్ళు కూర్చుని రంగు తేలిన తాలుకాయల్ని ఏరి పక్కన పడేస్తున్నారు. మేం దిగగానే అందరం వరసపెట్టి దగ్గాం. వాళ్ళెవరూ దగ్గలేదు.

వేపచెట్టు నీడలో చాపలు వేసి భోజనం పెట్టారు. పండుమిరపకారం, గోంగూర, పప్పు, వంకాయ వేసి వండిన ఎండురొయ్యలు, గడ్డపెరుగు. నేను తెచ్చిన పులిహోర కూడా కలిపి పెట్టాను. మావైపు పండుమిరపకారంలో బెల్లం ముక్క వేస్తాం. వీళ్ళు వెయ్యరు. పద్మజ వాళ్ళమ్మ వెన్నపూస ఎక్కువగా వేసి, కారం తక్కువగా కలిపి లాస్యకి ముద్దలు పెట్టింది. ఆవిడ ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. వడ్డించడానికి వంగినప్పుడల్లా నా మొహంలోకి చూసేది. నేనేం అనుకుంటున్నానో కనిపెట్టాలని.

భోజనాలయ్యాక పద్మజ లాస్యని చేలోకి తీసుకెళ్ళింది. కాయ తెంపిన చేత్తో కళ్ళు ముట్టుకోవద్దని చెప్తూనే ఉంది. శ్రీకాంత్ వాళ్ళ వెనకే వెళ్ళాడు. పద్మజ వాళ్ళ నాన్నగారు నా దగ్గరికి వచ్చి, కొంచెం దూరంగా చాప అంచున కూర్చున్నారు. చాలాసేపు మిరపకాయల వైపే చూసి, అప్పుడు మొదలుపెట్టారు.

"అక్కయ్యగారూ, మీకు ఒక సంగతి నా నోటితో నేను చెప్పాలి. మా అమ్మాయికి ఇదివరకు పెళ్ళయిందని మీకు తెలుసు. వాళ్ళు ఎందుకు పంపేశారో తెలియకపోవచ్చు. దానికి పిల్లలు పుట్టరని డాక్టర్లు చెప్పారు. మీ అల్లుడికి మొదటిరోజే చెప్పాను. మీరు ఇంకెవరి ద్వారానో వినకూడదని ఇప్పుడు చెప్తున్నాను."

దాచకుండా చెప్పారని నేను మెచ్చుకున్నాను. కానీ లోపల నాకు మొదట కలిగింది ఊరట. లాస్యకి పోటీ ఉండదు, పిల్లని పక్కకి నెట్టేసేవాళ్ళు ఉండరు అనుకున్నాను. ఆ వెంటనే, అయితే ఈమె లాస్యనే పూర్తిగా తన పిల్లని చేసుకుంటుంది, నాకు ఇక ఏమీ మిగలదు అనుకున్నాను. ఒక ఆడపిల్లకి జరిగిన కష్టం విని నేను ఈ రెండే ఆలోచించాను. మూడోది, ఆ తండ్రి కళ్ళలో నీళ్ళు చూశాక వచ్చింది. ఆయన కూతురు బతికే ఉంది, అయినా ఆయన కూడా ఆమె కోసం ఏడుస్తూనే ఉన్నారని.

అమ్మాయి బాగా పెరిగిందండీ అన్నాను. ఆయన తలూపారు.

బయల్దేరేముందు వాళ్ళమ్మ నాకు బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క, పసుపు కొమ్ములు, కొత్త మిరపకాయలు ఒక సంచిలో పోసి ఇచ్చింది. తీసుకోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆగాను. తీసుకుంటే ఒప్పుకున్నట్టేమోనని. ఆవిడ చేతులు అలాగే చాచి ఉన్నాయి. తీసుకున్నాను. పద్మజ ఆ రాత్రి అమ్మ దగ్గరే ఉంటానని, సముద్రం నుంచి వచ్చేటప్పుడు దింపితే చాలని చెప్పి మాతో కారెక్కింది.

ఓడరేవు

చీరాల ఊళ్ళోంచి వెళ్తుంటే సందుల్లోంచి మగ్గాల చప్పుడు వినపడింది. ఊరు దాటాక సరుగుడు తోటలు, ఇసక, తర్వాత ఒక్కసారిగా సముద్రం. ఆదివారం కాబట్టి జనం బాగా ఉన్నారు. వేయించిన చేపలు, ముంతమసాలా, పిల్లలకి గాలిపటాలు. ఒకవైపు జాలర్లు పెద్ద వలని ఒడ్డుకి లాగుతున్నారు. ఇటు పదిమంది, అటు పదిమంది తాడు పట్టుకుని ఒకే పదం అందుకుని వెనక్కి నడుస్తున్నారు.

వల ఒడ్డుకి చేరాక చూడ్డానికి మేమూ వెళ్ళాం. వెండిలా మెరిసే చిన్నచేపలు, నాలుగైదు రొయ్యలు, చెత్త. పనికిరాని పీతల్ని ఇసకలోకి విసిరేస్తున్నారు. ఒక చిన్న పీత లాస్య కాళ్ళ మధ్యనుంచి అడ్డంగా పరిగెత్తింది. లాస్య కేక పెట్టి నా చెయ్యి పట్టుకుంది.

నా నోట్లోంచి మాట దానంతటదే వచ్చింది. "మీ అమ్మ అయితే దాన్ని పట్టుకునేది" అన్నాను.

లాస్య నా మొహంలోకి చూసింది. నేను ఏడుస్తానేమోనని చూస్తోందని నాకు తెలుసు. ఇసకలో కూర్చున్నాను. లాస్యని పక్కన కూర్చోబెట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను.

మీ అమ్మకి తొమ్మిదో పదో ఏళ్ళప్పుడు కార్తీకమాసంలో సముద్రస్నానానికి ఇక్కడికే వచ్చాం. పాసింజర్ రైల్లో చీరాల దాకా, అక్కడ్నుంచి బండి మీద. తిరిగి వెళ్ళేటప్పుడు అది ఖాళీ టిఫిన్ క్యారేజీలో ఒక పీతని పెట్టి, ఎవరికీ చెప్పకుండా రైలెక్కింది. బాపట్ల దాటాక మూత తీసి చూసింది. పీత బయటికి దూకింది. పెట్టెలో ఉన్నవాళ్ళందరూ కాళ్ళు పైకి పెట్టేసుకున్నారు. అది పోయి పోయి, చీరాల చీరలు అమ్ముకునే ఒకాయన మూటలో దూరింది. పాపం ఆయన మూట విప్పి, ఒక్కొక్క చీరా దులిపి నడవలో పరిచాడు. మీ అమ్మ ఆ చీరల మీద మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి పీతని పట్టుకుంది. అది వేలు కరిచినా వదల్లేదు. మీ తాతయ్య ఆయనకి దణ్ణం పెట్టి క్షమించమంటే, ఆయన అన్నాడు, పిల్ల ధైర్యం బాగుందండీ, కానీ ఈసారి చేపని తెచ్చుకోమనండి అని.

లాస్య నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ నా ఒళ్ళో పడిపోయింది. తర్వాత లేచి, ఆ పీత ఏమైంది అని అడిగింది. ఇంటికి తెచ్చి కృష్ణలో వదిలిందని చెప్పాను. ఉప్పునీళ్ళ పీత మంచినీళ్ళలో బతకదని వాళ్ళ టీచరు చెప్పేదాకా నీరజకి తెలియదు. ఆ తర్వాత కూడా సాయంత్రాలు ఘాటుకి వెళ్ళి నీళ్ళలోకి చూసేది.

శ్రీకాంత్ వెనక నిలబడి ఉన్నాడు. ఈ కథ అతనికి తెలియదు. అతను నెమ్మదిగా అన్నాడు, "పీతల కూర వండితే పళ్ళెం పక్కకి జరిపేసేది అత్తయ్యగారూ. వాసన పడదని చెప్పేది. నేను అదే నిజమనుకున్నాను." అని సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నీరజ పోయిన రోజు కూడా నేను అతని ఏడుపు చూడలేదు. ఆస్పత్రి పనులు, కాగితాలు అన్నీ అతనే చూసుకున్నాడు.

పద్మజ లేచి అతని దగ్గరికి వెళ్తుందనుకున్నాను. వెళ్ళలేదు. లాస్యని తీసుకుని నీళ్ళ అంచుకి వెళ్ళి, అతనికి వీపు తిప్పి, పిల్లకి గవ్వలు ఏరిపెడుతూ ఉండిపోయింది. అతను ఏడవడం పూర్తయ్యేదాకా ఇటు తిరగలేదు. నేను అది చూస్తూ కూర్చున్నాను. పొద్దున్న ఈమెలో లోపం వెతకడానికి వచ్చిన మనిషిని నేను.

చీకటి పడకముందే బయల్దేరాం. ఓడరేవులో వేయించిన చేప తినాలనుకునేవాళ్ళు ముందు ధర అడిగి తినండి. మేం అడగలేదు, తర్వాత బాధపడ్డాం. కానీ చేప మాత్రం తాజాగా ఉంది.

తిరుగుదారి

పద్మజని దింపడానికి డొంకదారి మొదట్లోనే కారు ఆపాం, మళ్ళీ కూరుకుపోతుందని. వాళ్ళ నాన్నగారు టార్చిలైటుతో ఎదురొచ్చారు. లాస్య వెనకసీట్లో నిద్రపోతోంది. నేను కూడా కిందికి దిగాను. పద్మజ నా దగ్గరికి వచ్చి నిలబడింది.

"అమ్మా, ఆవిడ గురించి నాకేం తెలియదు. పాప అడిగితే నేను చెప్పలేను. మీరు వస్తూ ఉండాలి. వచ్చినప్పుడల్లా చెప్పాలి."

ఈ పెళ్ళి జరుగుతుందని ఆమె ఆశపడుతోందని, జరగకపోవచ్చని భయపడుతోందని ఆ మాటల్లో నాకు తెలిసింది. మావైపు పెద్దవాళ్ళు ఒకటి చెప్తుంటారు. చనిపోయిన కూతురి స్థానంలోకి వచ్చే పిల్లకి ఆ కూతురి పుట్టిల్లు కూడా పుట్టిల్లే అవుతుందని. ఎన్నోసార్లు విన్నాను. ఏ తల్లికి సాధ్యమవుతుంది అనుకునేదాన్ని. ఆ చీకట్లో ఆమె తలమీద చెయ్యి పెట్టినప్పుడు కూడా అది పూర్తిగా సాధ్యమవుతుందని నాకు నమ్మకం లేదు. అయినా చెయ్యి పెట్టాను.

వాళ్ళ నాన్నగారితో, "మాఘమాసం దాటిపోకుండా ముహూర్తం పెట్టించండి అన్నయ్యగారూ" అన్నాను.

ఆయన టార్చి ఆర్పేశారు. ఎందుకు ఆర్పారో నాకు అర్థమైంది. శ్రీకాంత్ కారు తలుపు దగ్గర తల దించుకుని నిలబడ్డాడు.

గుంటూరు లైట్లు మొదలయ్యేసరికి లాస్య మేలుకుని నా ఒళ్ళో తల పెట్టుకుంది. నిద్రలో ఉన్నట్టే అడిగింది, అమ్మ గొంతు ఎలా ఉండేది అని.

"నా గొంతులాగే ఉండేదమ్మా. ఫోన్లో అందరూ పొరబడేవాళ్ళు."

"నాన్న కూడానా?"

శ్రీకాంత్ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "నేను కూడా. చాలాసార్లు" అన్నాడు.

లాస్య నా చెయ్యి తీసి తన చెవి కింద పెట్టుకుని, కళ్ళు మూసుకుంది.

"అయితే ఏదైనా మాట్లాడు అమ్మమ్మా."

తాడేపల్లి వచ్చేదాకా నేను మాట్లాడుతూనే ఉన్నాను.